వేలు తీయనివాళ్ళు

ఫోన్ చేస్తానన్న పెద్దాయన ఇంకా చేయలేదు. కోడలు రాత్రి డ్యూటీ చేసొచ్చి మధ్యాహ్నం దాటేదాకా పడుకుంటుందనీ, ఆ కాసేపూ ఆవిడ ఫోను తన చేతిలోనే ఉంటుందనీ, దాంట్లో మాట్లాడుతూ తన ఫోనులో బొమ్మలు ముట్టుకుంటాననీ నిన్న ఆయనే చెప్పాడు. చెప్పిన వేళ దాటిపోయింది. తన ఇంట్లో ఆమె కుర్చీలో ముందుకు జరిగింది, మళ్ళీ వెనక్కి వాలింది, ఎదుటి తెర మీద ఖాళీగా ఉన్న గడుల వైపు చూసింది. అక్కడెక్కడో, తను ఎన్నడూ చూడని ఇంట్లో, ఆయన వేలు ఫోను అద్దం మీద ఆనగానే ఇక్కడ ఈ గడుల్లో ఒక గుర్తు పడాలి. పడితే ఒక మాట, పడకపోతే ఇంకో మాట. రెండింట్లో ఏదో ఒకటి సాయంత్రంలోగా మనస్తత్వ ల్యాబ్ నడిపే మేడమ్‌కి చెప్పాలి, ఎందుకంటే రేపు పొద్దున మేడమ్ పెద్ద సభలో నిలబడి ఈ ప్రయోగం గురించి మాట్లాడబోతోంది. కిటికీ అవతల ఎదుటి మేడ గోడ తప్ప ఇంకేమీ కనబడదు. ఆ గోడ మీద ఎండ నెమ్మదిగా పక్కకి జరుగుతోంది, పై అంతస్తులో ఎవరో ఆరేసిన దుప్పటి నీడ దాని వెంటే జరుగుతోంది. లిఫ్టు వచ్చి ఆగి, తలుపు తెరుచుకుని, ఎవరూ దిగకుండానే మూసుకున్న చప్పుడైంది. ఎవరో పొరపాటున మీట నొక్కి వెళ్ళిపోయి ఉంటారు, లేదా ఓపిక పట్టలేక మెట్లెక్కి ఉంటారు, నొక్కినవాళ్ళు ఉండరు, రావలసినది మాత్రం వస్తుంది, అనుకుంది. అనుకుని, ఇవాళ పొద్దున్నించీ ఏది చూసినా మీటలూ నొక్కడాలే కనిపిస్తున్నాయేమిటి అని తనకే విసుగేసింది. ఊరికే అన్నారా ల్యాబ్‌లో అందరూ తనని బొత్తాలమ్మ అని.

ఆ పేరు పెట్టింది లెక్కలావిడ. అంకెలన్నీ పోగేసి గీతలు గీసి పెట్టే మనిషి, ఆవిడకి మనుషులందరూ చుక్కలే. వీళ్ళ డిపార్ట్‌మెంటులో ప్రయోగం అంటే ఒకప్పుడు ఒక చిన్న గది, ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, ముందు కూర్చున్న ఒక విద్యార్థి. ఇప్పుడు చాలామంది ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని ఎవరి ఫోనులో వాళ్ళు చేస్తారు. ఆ ఫోన్లకి సరిపడేలా తెరలు తయారుచేయడం, నొక్కింది నొక్కినట్టు ఇక్కడికి చేరుతోందో లేదో చూడటం ఆమె పని. బొత్తాం పెద్దదిగా ఉండాలా, గుండ్రంగా ఉండాలా, నొక్కగానే రంగు మారాలా అని మీటింగులో అడిగి అడిగి ప్రాణం తీస్తుంది కాబట్టి బొత్తాలమ్మ. అన్నయ్యకి ఆ పేరు చెప్పినప్పుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే పని అన్నయ్యది. "నేను కళ్ళు చదువుతాను, మా చెల్లెలు మనసులు చదువుతుంది, మా ఇంట్లో పుస్తకాలు చదివేవాళ్ళే లేరు" అని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. మనసులు చదివేది తను కాదు, మేడమ్. తను తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని లోపలికి పంపే మనిషి, అంతే. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకునేవాడు కాదు, సరేలే, తలుపు నువ్వు తీస్తేనే కదా మీ మేడమ్ చదివేది అనేవాడు. పోయిన వానల్లో పోయాడు. అప్పటినించీ ఈ ఇంట్లో రెండో గది తలుపు ఆమె వేయలేదు, తీయలేదు, ఎలా ఉన్నది అలాగే సగం చేరవేసి ఉంది. ఊడ్చేటప్పుడు చీపురు ఆ గడప దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరుగుతుంది.

ప్రయోగం చూడటానికి చాలా చిన్నది. తెర మీద రెండు ముఖాలు వస్తాయి, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, ఎవరికీ ఏమీ కాని మనుషుల ముఖాలు. పైన ఒకే ప్రశ్న: మీరు పిలిస్తే వీళ్ళలో ఎవరు వస్తారనిపిస్తోంది? అనిపించిన ముఖం మీద ముట్టుకోవాలి. ముట్టుకోగానే ఆ రెండూ పోయి ఇంకో రెండు వస్తాయి. కాసేపు చూసి, ఎవరినీ ముట్టుకోకపోతే తెర తనంతట తనే ముందుకి వెళ్ళిపోయి, గడిలో 'స్పందన లేదు' అని రాసుకుంటుంది. ఈ మధ్యనే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఒక జట్టు, అలాంటిదేమీ లేనివాళ్ళు ఒక జట్టు. రెండో జట్టు గడులన్నీ చక్కగా నిండాయి. మొదటి జట్టులో ఎక్కడ చూసినా స్పందన లేదు, స్పందన లేదు, స్పందన లేదు. లెక్కలావిడ గీసిన గీత చూసి మేడమ్ మళ్ళీ మొదటి నుంచీ గడులన్నీ చూసిందట. తర్వాత కళ్ళజోడు తీసి, పిలిస్తే ఎవరూ రారని వాళ్ళకి తెలిసిపోయింది, అందుకే చేయి లేవడం లేదు అందట. రేపటి ఉపన్యాసం పేరు కూడా అదే, 'దుఃఖం కట్టేసిన చేయి'. వినడానికి ఎంత బాగుందో. అంత బాగుండటం చూసే ఆమెకి మొదట భయం వేసింది. అంతకంటే భయం, ఆ సభకి వచ్చేవాళ్ళలో ఆసుపత్రులవాళ్ళు కూడా ఉన్నారని తెలిసినప్పుడు. మనిషి పోయిన ఇళ్ళకి ఫోన్ చేసి పలకరించే మనుషులు వాళ్ళ దగ్గర తక్కువ, ఇళ్ళు ఎక్కువ. ఎవరికి చేయాలో తేల్చుకోవడానికి ఈ ప్రయోగాన్ని వాడుకుంటారట. చేయి లేపేవాళ్ళకి ఫోన్ చేస్తారు. లేపనివాళ్ళకి చేసి లాభం లేదు కాబట్టి వదిలేస్తారు. లెక్కలావిడ ఈ మాట మామూలుగానే చెప్పింది, మంచి వార్త చెబుతున్నట్టే చెప్పింది, వాళ్ళు మన పని వాడుకుంటున్నారు చూడు అని. అప్పుడు తను కప్పు కడుగుతోంది, కుళాయి కట్టేయడం మర్చిపోయి అలాగే నిలబడింది.

ఎందుకు అనుమానం వచ్చిందంటే తనే చెప్పలేకపోతుంది. బొత్తాలమ్మకి బొత్తాం మీదే అనుమానం రావాలి కదా, మనిషి మీద ఎలా వస్తుంది. మొదటి జట్టు అంతా ఇళ్ళల్లో ఫోన్ల మీద చేశారు, రెండో జట్టు డిపార్ట్‌మెంటుకి వచ్చి మౌసు పట్టుకుని చేశారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, తనతో సహా. పట్టించుకున్నాక ఇక నిద్ర పట్టలేదు. దొరికిన ఫోనల్లా అడిగి తెచ్చింది. గేటు దగ్గర కాపలా ఆయనది, గుమస్తాగారిది, గుమస్తాగారి అత్తగారిది, అద్దం పగిలి టేపు వేసినది, నీళ్ళలో పడి బతికినది. అన్నిటిమీదా తనే ముట్టుకుని చూసింది. వేలు తడి చేసుకుని, పొడిగా తుడుచుకుని, బొటనవేలుతో, ఎడమ చేత్తో, నెట్‌వర్కు సరిగా అందని మెట్ల కింద కూర్చుని. అన్నీ పనిచేశాయి. ఆమె చేతిలో అన్నీ బుద్ధిగా పనిచేశాయి, అదే వచ్చిన చిక్కు. ఇంట్లో అల్లరి చేసే పిల్ల డాక్టరు ముందు ఎంత నెమ్మదిగా కూర్చుంటుందో అలాగ. గుమస్తాగారు ఫోను వెనక్కి తీసుకుంటూ, ఏమ్మా, మా అత్తగారి ఫోనులో కూడా మనసు దొరకలేదా అన్నాడు. నవ్వింది. నవ్వి ఇంటికొచ్చి తాళం తీసి, చెప్పులు విడిచి, దీపం వేయకుండా ఆ నవ్వు పోయేదాకా గోడకి ఆనుకుని నిలబడింది.

ఆ మాట తనే పెట్టింది. స్పందన లేదు. తెర రాసుకోవడానికి ఏదో ఒక మాట కావాలి కదా, ఖాళీ అని పెట్టొచ్చు, సున్నా అని పెట్టొచ్చు. ప్రోగ్రాము రాసిన రోజున అన్నయ్య పక్క గదిలో ఏదో పాత పాట కూనిరాగం తీస్తున్నాడు, మాటకేం బరువు ఉందని, చేతికి వచ్చింది పెట్టేసింది. తర్వాత అదే మాట ఆసుపత్రిలో విన్నది. అన్నయ్య నోరు పడిపోయింది, కళ్ళు మూసే ఉన్నాయి, కుడిచేయి ఆమె చేతిలో ఉంది. డాక్టరు వంగి, వినబడితే మీ చెల్లెలి చేయి నొక్కండి అని గట్టిగా అన్నాడు. కాసేపు చూశాడు. పక్కన నిలబడ్డ నర్సుతో, స్పందన లేదు, రాసుకో అన్నాడు. నొక్కాడండీ అంది ఆమె. డాక్టరు చెడ్డవాడు కాదు, ఎంతో ఓపిగ్గా, అది నరాలు వాటంతట అవే లాగడం అమ్మా, మీకు అలా అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది అన్నాడు. అందరికీ అనిపిస్తుంది అన్న తర్వాత ఇంక మాట్లాడటానికి ఏముంది. అందరిలో తనొకతె. కానీ నొక్కాడు. నొక్కడం కూడా కాదు, చేతి లోపల ఏదో మెల్లగా దగ్గరికి వచ్చినట్టు, పిలుపు విన్నవాడు లేచి రావడానికి చెప్పులు వెతుక్కుంటున్నట్టు. డాక్టరు చూసినంతసేపు చాలేది కాదు ఆ రావడానికి. లేదా రాలేదు. లేదా తనకి అనిపించింది. ఎన్నిసార్లు తలుచుకున్నా ఈ మూడూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి తప్ప ఏదీ నిలబడదు. తలుచుకున్న కొద్దీ అరిగిపోతోంది కూడా, ఇప్పుడు ఆ చేయి ఎంత వెచ్చగా ఉందో గుర్తుందో, గుర్తున్నట్టు అనిపిస్తోందో తెలియదు. పని మీద మళ్ళీ చేరిన రోజున మేడమ్ గదిలోకి పిలిచి, ఈ ప్రయోగం నువ్వు చేయగలవా ఇప్పుడు, వేరేవాళ్ళకి ఇవ్వనా అని అడిగింది. చేయగలనండీ అంది. బొత్తాలే కదా అంది. మేడమ్ ఏదో అనబోయి, లేచి వచ్చి భుజం మీద చేయి వేసి, తీసేసింది.

పెద్దాయన మొన్న డిపార్ట్‌మెంటు నంబరుకి ఫోన్ చేసి తిట్టబట్టి గానీ లేకపోతే ఈ పాటికి అంతా అయిపోయేది. ఆయన ఒకప్పుడు లారీ డ్రైవరు. భార్య పోయి ఏడాది కాలేదు. మీ బొమ్మలు నా వేలికి లొంగడం లేదు, ముట్టుకుంటే ఏదో పెట్టె లేస్తుంది, బొమ్మ దాచుకుంటావా అని అడుగుతుంది, నేను జవాబు చెప్పేలోపల వెళ్ళిపోతుంది, మనుషుల్ని ఆడిస్తున్నారా అని గట్టిగా అరిచాడట. గుమస్తాగారు ఆ ఫోను భయంభయంగా ఆమెకి అందించాడు. బొమ్మ దాచుకుంటావా అన్న మాట వినగానే ఆమె వీపు నిటారుగా అయింది. మౌసుతో నొక్కితే నొక్కినట్టే. ఫోను మీద అలా కాదు. వేలు ఆనించి టక్కున తీసేస్తేనే అది నొక్కడం కింద లెక్క. వేలు కాస్త జారిందా, పేజీ జరుపుతున్నాడు అనుకుంటుంది. కాస్త ఎక్కువసేపు ఆనిందా, ఈ బొమ్మతో ఇంకేదో పని ఉంది కాబోలు, దాచుకుంటాడో ఎవరికైనా పంపుకుంటాడో అనుకుని, ఆ తాకడాన్ని ప్రోగ్రాము దాకా రానివ్వకుండా తన దగ్గరే మింగేస్తుంది. వేలు అద్దం మీదే ఉంటుంది, గడిలో మాత్రం స్పందన లేదు. అంత చిన్న సంగతి. ఇన్నాళ్ళూ తను ముట్టుకుని చూసినప్పుడల్లా టక్కుటక్కున ముట్టుకుంది, పని చేసేవాళ్ళు ముట్టుకున్నట్టు. నిన్నా ఇవాళా కూర్చుని మార్చింది. ఫోను మధ్యలో దూరకుండా అడ్డం పెట్టింది. వేలు ఆనినప్పుడు ఒక గుర్తు, తీసినప్పుడు ఒక గుర్తు, విడివిడిగా వచ్చేలా చేసింది, తెర తనంతట తనే ముందుకి వెళ్ళిపోవడం ఆపేసింది. కానీ ఆమె చేతిలో ముందూ పనిచేసింది, ఇప్పుడూ పనిచేస్తోంది, దానివల్ల తేలేదేమీ లేదు. ఆయన వేలే రావాలి.

ఎండ గోడ మీద నుంచి కిటికీ చువ్వలకి వచ్చింది. పక్క ఇంట్లో ఎవరో కుర్చీ లాగారు. ఆ చప్పుడుకి ఆమె తల అలవాటుగా రెండో గది వైపు తిరిగి, తిరిగాక ఎందుకు తిరిగిందో తెలిసి, మళ్ళీ తెర వైపు వచ్చింది. ఇంతమంది ఇళ్ళలో ఇంతమంది వేళ్ళు అద్దాల మీద ఆని ఉన్నాయా, ఏ జవాబూ రాక ఏమనుకుని ఉంటారు, తమ వేలిదే తప్పు అనుకుని ఉంటారు, ముసలితనం అనుకుని ఉంటారు, చాలామంది తిట్టను కూడా తిట్టరు, ఫోను పక్కన పెట్టి లేచిపోతారు. అలా అనుకుంటూ ఉండగానే ఫోను మోగింది. అంతసేపు ఎదురుచూసి కూడా ఉలిక్కిపడింది.

కోడలు నిద్రపోకుండా పిల్లలతో మాట్లాడుతూ కూర్చుందనీ, అందుకే ఆలస్యమైందనీ ఆయన గొంతు బాగా తగ్గించి చెప్పాడు. ఇవాళ తిట్లు లేవు. అండీ గిండీ వద్దు, బాబాయ్ అని పిలువు, లారీల్లో అందరూ అలాగే పిలిచేవాళ్ళు అన్నాడు. మొదట లింకు తెరుచుకోలేదు. తర్వాత ఫోను అడ్డంగా తిరిగి బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నిలువుగా పట్టుకోమంటే, పట్టుకున్నాను, అదే పడుకుంటోంది అన్నాడు. తిరగకుండా ఆపే మీట ఎక్కడుందో ఆమె మాటలతో చూపించింది, పై నుంచి కిందకి వేలు లాగండి, ఆ, అక్కడ బాణం గుర్తుంటుంది చూడండి. కళ్ళజోడు కోసం లేచాడు, ఏదో తగిలి దొర్లింది, లోపలి నుంచి ఏమిటి మావయ్యా అని నిద్రమత్తు గొంతు, ఏం లేదమ్మా పిల్లి అని ఈయన. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఆ గదిలో ఆమెకి ఒక నవ్వు దానంతట అదే వచ్చింది.

బొమ్మలు వచ్చాయమ్మా అన్నాడు. ముట్టుకోండి బాబాయ్ అంది. గడిలో గుర్తు పడింది. వేలు ఆనింది. ఊపిరి బిగబట్టి చూస్తోంది. రెండో గుర్తు, వేలు తీసినట్టు రావలసినది, రాలేదు. రాలేదు. ఫోను మళ్ళీ మింగేసిందా, అడ్డం సరిగా పెట్టలేదా, పెట్టె లేచిందా అనుకుని అడగబోయేలోపల వచ్చింది, తీరిగ్గా, ఏ తొందరా లేకుండా. పెట్టె ఏమైనా లేచిందా అని అడిగింది. లేదమ్మా, ఇవాళ బుద్ధిగా ఉంది అన్నాడు. రెండో జత. వేలు ఆనింది, ఉండిపోయింది, ఎప్పటికో తీశాడు. మూడోది కూడా అంతే. జారడం లేదు, వణకడం లేదు, ఆనిన చోటే ఆని ఉంటోంది. ఆయన వేలిమీద చర్మం మొద్దుబారి ఉంటుంది, అందుకే గట్టిగా అదిమి పెడుతున్నాడు అనుకుంది. ఫలానా కారణం అని మేడమ్‌కి చెప్పడానికి అది సరిపోతుంది కూడా. అయినా అడిగింది, ఎందుకు అడిగిందో తర్వాత కూడా చెప్పలేకపోయింది.

"బాబాయ్, ముట్టుకున్నాక వేలు వెంటనే తీయడం లేదు మీరు. తీయడానికి ఏమైనా ఇబ్బందిగా ఉందా?"

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"తీస్తే బొమ్మ పోతుంది కదమ్మా."

ఆయనే అందుకున్నాడు, ఏదో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. పిలిస్తే ఎవరు వస్తారు అని అడిగారు కదా మీరు, ఇదిగో ఈమె వస్తుంది అనిపించింది, అనిపించాక ముట్టుకుంటే, వేలు తీయగానే ఆమె పోయి ఇంకెవరో వస్తున్నారు. మొదట్లో తెలియక టక్కున తీశాను, పోయింది. అయ్యో అనిపించింది. వస్తుంది అనుకున్న మనిషిని మనమే పంపించేసినట్టు ఏమిటిది అని, ఆ తర్వాత్నించీ కాసేపు ఉంచుతున్నాను. ఉంచకూడదా? ఉంచకూడదు అని ఎక్కడా రాయలేదే.

రాయలేదు. ఎక్కడా రాయలేదు. ఉంచుతారని ఎవరూ అనుకోలేదు. మౌసు పట్టుకున్నవాళ్ళు ఉంచలేదు, తను ఉంచలేదు, లెక్కలావిడ గీతలో ఉంచడానికి చోటే లేదు. ఆమె తెర మీద ఆ గుర్తుల వైపు చూస్తోంది. వేలు ఆనింది, చాలాసేపు ఏమీ లేదు, వేలు తీశాడు. మధ్యలో ఆ ఏమీ లేనిదంతా ఆయన ఉన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు వెళ్ళిపోయాక కూడా తను చాలాసేపు అన్నయ్య చేయి పట్టుకునే కూర్చుంది. సాయంత్రం ఎవరో వచ్చి ఇంక ఇంటికెళ్ళి కాసేపు పడుకోండి, ఇక్కడ మేం చూసుకుంటాం అన్నారు, అప్పుడు తీసింది. తీసినప్పుడు అన్నయ్య వేళ్ళు తన వేళ్ళ మధ్య కాస్త చిక్కుకుని ఉన్నాయి, ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది. ఇంతకాలం నొక్కాడా లేదా అన్నదే తలుచుకుంటూ వచ్చింది గానీ ఆ విడదీయడం గుర్తు రాలేదు. ఇవాళ ఈ పెద్దాయన మాట దానికేమీ సాక్ష్యం కాదు. ఆయన వేలు ఆయనది, అన్నయ్య చేయి అన్నయ్యది. ఆ డాక్టరు చెప్పిందే నిజమై ఉండొచ్చు, ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. అది తెలుస్తూనే ఉంది, తెలిసినా కళ్ళు మసకబారి గడులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. బాబాయ్, ఒక్క క్షణం, లైన్లో ఉండండి అంది. ఆయన ఉంటాను అన్నాడు.

రెండో ఫోనులో మేడమ్‌ని పిలిచింది. మేడమ్ వెంటనే ఎత్తింది, ఎదురుచూస్తున్నట్టే ఉంది. ఆమె ముందు వాక్యాలు సర్దుకోవాలనుకుంది గానీ సర్దుకోలేదు. వాళ్ళు ముట్టుకున్నారండీ అంది. ముట్టుకున్నారు, ముట్టుకుని వేలు తీయలేదు, ఫోన్లు దాన్ని నొక్కడం కింద లెక్కపెట్టలేదు, మనం రాసుకున్నది తప్పు. మేడమ్ చాలా ప్రశ్నలు వేసింది, మేడమ్ వేయదగ్గ ప్రశ్నలే. ఒక్క మనిషిని చూసి అందరికీ ఎలా చెబుతావు? చెప్పలేనండీ, కానీ మొదటి జట్టు అంతా ఫోన్లే, రెండో జట్టు అంతా మౌసులే, తేడా మనుషులదో ఫోన్లదో మనం ఇప్పుడు చెప్పలేం. కొందరు నిజంగానే ముట్టుకోకుండా ఉండొచ్చు కదా? ఉండొచ్చండీ, ఎవరో తెలియదు, అదే నేననేది. ఇది ముందే ఎందుకు చూడలేదు? ఈ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు ఉంది, చెప్పింది. నా వేలుతో మాత్రమే చూశానండీ.

అవతల ఒక ఉపన్యాసం, దానికి పెట్టుకున్న అందమైన పేరు, ఎన్ని నెలలో ఆ పేరు చుట్టూ అల్లుకున్న వాక్యాలు ఒక్కొక్కటే కూలుతున్నాయని ఆమెకి తెలుసు. మేడమ్ మీద జాలి వేసింది. ఆ వయసులో, ఆ కళ్ళజోడు చేత్తో పట్టుకుని, ఒక్కతే గదిలో కూర్చుని ఉంటుంది ఇప్పుడు.

"రేపు ఆ భాగం తీసేస్తాను," అంది మేడమ్ చివరికి. "లేచి నిలబడి, మా తెర సరిగా వినలేదు అని చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆసుపత్రులవాళ్ళకి ఇవాళే చెప్పేస్తాను, ఇది పట్టుకుని ఎవరినీ వదిలేయొద్దని." గొంతు మార్చి అడిగింది. "నువ్వెలా ఉన్నావు?"

బాగానే ఉన్నానండీ అంది. వాళ్ళందరినీ మళ్ళీ పిలవాలి కదండీ, ప్రయోగం మళ్ళీ చేయాలి కదా, ఆ ఫోన్లు నేను చేస్తాను అంది. అది నీ పని కాదు, గుమస్తా చేస్తాడు అంది మేడమ్. నేనే చేస్తానండీ, ఒక్కొక్కరితో కూర్చుని చూస్తే గానీ ఎవరి వేలు ఎలా ఉందో తెలియదు అంది. మేడమ్ సరే అంది. పెట్టేసే ముందు ఏదో అనడానికి ఆగినట్టే ఆగింది, ఈసారి అంది కూడా, మీ అన్నయ్య ఉంటే ఎంత నవ్వేవాడో, బొత్తాలమ్మ గెలిచింది అని. ఎవరూ ఆమె దగ్గర అన్నయ్య మాట ఎత్తరు. ఎత్తితే ఏమవుతుందోనని తను కూడా భయపడుతూ వచ్చింది. ఏమీ కాలేదు. అవునండీ, నవ్వేవాడు అంది.

ఆ ఫోను పెట్టేసి ఇటు చూస్తే గడుల్లో కొత్త గుర్తులు లేవు. పెద్దాయన వెళ్ళిపోయాడేమో అనుకుని మొదటి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఉన్నాను తల్లీ అన్నాడు, తను పలకకముందే. మిగిలిన బొమ్మలు నువ్వొచ్చాక చూద్దామని ఆగాను. అప్పుడు ఇద్దరూ కలిసి మిగిలినవి పూర్తి చేశారు. ఆయన అక్కడ ముట్టుకుంటాడు, ఆమె ఇక్కడ చూస్తుంది. ఇంక తొందరపెట్టలేదు, ఊపిరి బిగబట్టలేదు. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తు దాకా ఎంతసేపు పడితే అంతసేపు పట్టనిచ్చింది. మధ్యలో ఆయన తనలో తాను ఏవో అనుకుంటున్నాడు, ఈయన రాడు, చూపులోనే తెలుస్తోంది, ఇతను వస్తాడు గానీ మాట్లాడించుకుని వస్తాడు. ఒక ముఖం దగ్గర ఏమీ అనలేదు. అక్కడ ఆయన వేలు అన్నిటికంటే ఎక్కువసేపు ఉంది. ఎవరండీ అని ఆమె అడగలేదు. తర్వాత ఆ ముఖమూ పోయింది, 'అయిపోయింది, మీకు కృతజ్ఞతలు' అని తెర తను ఎప్పుడో నేర్పిన మాట చెప్పింది.

అయిపోయిందా అన్నాడు ఆయన. అయిపోయింది బాబాయ్ అంది. అన్నీ అందాయా? అన్నీ అందాయి. మంచిది అన్నాడు. ఇంక ఫోను పెట్టేయడమే మిగిలింది. ఆయన పెట్టలేదు. ఆమె కూడా, ఉంటాను మరి అనవలసిన చోట అనలేదు. కిటికీ చువ్వల నీడలు బల్ల మీదికి వచ్చి, అడిగి తెచ్చిన ఫోన్ల మీద, ఆమె చేతి మీద పడుతున్నాయి. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేయబోయి, అది కాక, మళ్ళీ చేస్తున్నారు.

"భోంచేశావా?" అన్నాడు ఆయన.

ఎవరైనా అడిగితే, అయిందండీ అని నోటికి అలవాటుగా వచ్చే మాట ఒకటి ఉంది. అది రాలేదు.

"లేదు బాబాయ్."

"ఇంత పొద్దెక్కేదాకానా? ఇంట్లో ఎవరూ లేరా?"

"లేరు."

ఆయన అయ్యో అనలేదు. ఎప్పుడు, ఎవరు అని అడగలేదు. ఆ మాట ఆయనకి ఎంత తెలియాలో అంత తెలిసినట్టే ఉంది.

"వెళ్ళి వడ్డించుకుని రా. ఆ ఫోను పక్కన పెట్టుకుని తిను. నాకూ ఏం పని లేదు, ఉంటాను."

ఆమె లేచింది. వంటింట్లో గిన్నె మూత తీసింది, కంచం కడిగింది, వడ్డించుకుంది. బల్ల మీద తీగలూ ఫోన్లూ ఒక పక్కకి తోసి కంచం పెట్టుకుంది. నీళ్ళు మర్చిపోయి మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంది. కూర్చున్నాక ఆయనకి వినబడాలని కుర్చీ కాస్త చప్పుడయ్యేలా ముందుకి లాక్కుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఫోను వైపు చూసింది. అవతల ఆయన ఏమీ మాట్లాడటం లేదు. ఉన్నాడు.